‘మా పొలంలో ఎవరికైనా ఏదైనా అయితే నా మీదికి వస్తుందా?’

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది వికారాబాద్ జిల్లా. పేరు, ఊరు వేయొద్దని మనవి. మా ఆయన కాలం చేశాక అయిదెకరాల ఇరవై గుంటల భూమి నా పేరు మీదికి వచ్చింది. సగం కౌలుకిచ్చాను. ఆ సగంలో మొక్కజొన్న వేస్తారు. అడవిపందుల బాధ ఎక్కువని కౌలుదారు రాత్రిళ్లు చుట్టూ తీగ కట్టి కరెంటు పెడుతుంటాడు. మిగతా సగంలో మామిడి, సీతాఫలం చెట్లున్నాయి. బండ్ల బాట పక్కనే పాత వ్యవసాయ బావి ఉంది, దానికి పిట్టగోడ లేదు. పక్క తండా పిల్లలు పళ్ల కోసం, ఈతకు వస్తుంటారు. నీళ్లు పడని బోర్లు రెండు ఉన్నాయి, వాటి మీద బండరాళ్లు పెట్టి వదిలేశాం. ఇప్పుడు నా మేనల్లుడు ఇక్కడ రెండు గదులు, ఒక స్విమ్మింగ్ పూల్ కట్టి, శని ఆదివారాలు హైదరాబాద్ వాళ్లకు అద్దెకిద్దామంటున్నాడు. వచ్చిన లాభంలో సగం నాకిస్తాడట. టెక్సాస్‌లో ఉన్న మా అల్లుడు మాత్రం ‘ముందు బోర్డు పెట్టండి, వచ్చినవాళ్లతో సంతకం తీసుకోండి, ఇక్కడ అందరూ అంతే చేస్తారు’ అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఎవరైనా పడినా, చనిపోయినా కేసు నా మీద అవుతుందా? బోర్డు, సంతకం సరిపోతాయా? కంపెనీ పెడితే నాకు రక్షణ ఉంటుందా? ఇన్సూరెన్స్ ఏమైనా దొరుకుతుందా?

జవాబు: అమ్మా, మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. నన్ను కంగారు పెట్టింది మాత్రం మీరు అసలు ప్రశ్నగా అడగని మాట. కౌలుదారు రాత్రిళ్లు తీగకు కరెంటు పెడుతున్నాడన్నారు. స్విమ్మింగ్ పూల్ సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు, ఆ తీగ మాత్రం ఈ రోజే తీయించండి. ఈ ఉత్తరం మిగతా భాగం చదివేలోపు ఆయనకు ఫోన్ చేసినా నాకు సంతోషమే.

రాత్రి మోటారు వేయడానికో, తప్పిపోయిన గొడ్డును వెతకడానికో చేనుకు వెళ్లి, పందుల కోసం పెట్టిన తీగ తగిలి మనుషులు చనిపోయిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ఏటా చదువుతూనే ఉన్నాం. చాలాసార్లు పోయింది పక్క చేను రైతే, కొన్నిసార్లు తీగ పెట్టినవాడే. దాన్ని పోలీసులు ‘ప్రమాదం’ అని రాసి వదిలేయరు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడుతుంది. పాత ఐపీసీ 304-ఎ కింద ఇది రెండేళ్లే ఉండేది, 2024 జులై 1 నుంచి పెరిగింది. మనిషి తగిలితే చస్తాడని తెలిసే పెట్టాడని పోలీసులు భావిస్తే 105వ సెక్షన్ వేస్తారు, అక్కడ శిక్ష పదేళ్ల దాకా వెళ్తుంది. పైగా వ్యవసాయానికి ఇచ్చిన కనెక్షన్ నుంచే తీగ లాగినా, మంజూరైన పనికి కాకుండా వేరే పనికి కరెంటు వాడటం విద్యుత్ చట్టం 135వ సెక్షన్ ప్రకారం చౌర్యం కిందికే వస్తుంది. దానికి మూడేళ్ల దాకా శిక్ష. పంది చస్తే వన్యప్రాణి చట్టం వేరే.

‘పెట్టింది కౌలుదారు కదా, నాకేం సంబంధం’ అని మీరు అడగొచ్చు. నేరం ప్రధానంగా ఆయనదే. అయితే విచారణలో మొదట వచ్చే ప్రశ్న, పట్టాదారుకు ఈ సంగతి తెలుసా లేదా అని. మీకు తెలుసు. నాకు రాసిన ఉత్తరంలోనే ఉంది. మీ మోటారు సర్వీసు మీ పేరు మీదే ఉందనుకుంటే, కరెంటు వెళ్లింది మీ మీద ఉన్న కనెక్షన్ నుంచే. తెలిసీ ఊరుకున్నారన్న మాట క్రిమినల్ కేసులో ఎంత దూరం వెళ్తుందన్నది సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది కానీ, చనిపోయినవాళ్ల కుటుంబం నష్టపరిహారం కోసం సివిల్ కోర్టుకు వెళ్తే అది మీకు బాగా తగులుతుంది. పరిహారం కట్టగల ఆస్తి ఎవరికుందో వాళ్ల లాయర్ తప్పకుండా చూస్తాడు. కౌలుదారుకు ఏముంటుంది చెప్పండి. ఇలాంటి దావాలు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద వేస్తారు, రెండేళ్ల గడువు ఉంటుంది.

కరెంటు ప్రమాదాల్లో కోర్టులు ఎంత కఠినంగా ఉంటాయో చెప్పడానికి ఒక తీర్పు చాలు. 1997లో మధ్యప్రదేశ్‌లో ఒకాయన రాత్రి వానలో సైకిల్ మీద ఇంటికి వెళ్తూ, రోడ్డు మీద పడి ఉన్న కరెంటు తీగ తగిలి చనిపోయాడు. ఎవరో దొంగతనంగా లైన్ నుంచి తన అవసరానికి లాక్కున్న తీగ అది, మా తప్పేమీ లేదని విద్యుత్ బోర్డు వాదించింది. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఇంత ప్రమాదకరమైనదాన్ని నడిపేవాడు, అది తప్పించుకుని బయటి మనిషికి హాని చేస్తే, తన నిర్లక్ష్యం ఉన్నా లేకపోయినా బాధ్యుడేనని చెప్పింది. అంత పెద్ద సంస్థకే ‘ఎవరో చేశారు’ అన్న మాట అక్కరకు రాలేదు.

కాబట్టి కౌలుదారుతో గొడవ పెట్టుకోకుండా, నష్టం ఎక్కడ జరుగుతుందో కూర్చోబెట్టి చెప్పండి. పందుల బాధ అబద్ధం కాదు, పంట చేతికొచ్చే వేళకు ఒక్క రాత్రిలో పడగొట్టి పోతాయి. సోలార్ కంచె వేసుకోమనండి. దాని యంత్రం ఆగి ఆగి, క్షణంలో వెయ్యో వంతు పాటు దెబ్బ కొడుతుంది, ఉలిక్కిపడి వెనక్కి పోవడమే తప్ప ప్రాణం పోదు. అయితే మార్కెట్‌లో దొరికే ప్రామాణికమైన యంత్రమే కొనాలి. ఊళ్లో ఎవరో చేసిచ్చిన పెట్టెకు మెయిన్ కరెంటు తగిలిస్తే మళ్లీ అదే కథ. అది కొనే స్తోమత లేదంటే పాత చీరలు కట్టేవాళ్లున్నారు, చుట్టూ కుసుమ సాళ్లు వేసేవాళ్లున్నారు. సోలార్ కంచెకు సగం ఖర్చు మీరు భరించినా నష్టం లేదు. ఆ తర్వాత ఒక కాగితం రాసుకోండి: ‘పొలంలో ఎక్కడా కరెంటు తీగలు, ఉచ్చులు పెట్టను’ అని ఆయన సంతకం, ఇద్దరు సాక్షులు. కౌలు కాగితం రాస్తే భూమి పోతుందన్న భయంతో మన దగ్గర చాలామంది నోటిమాట మీదే నడిపిస్తారు. ఈ కాగితం కౌలు గురించి కాదు, తీగ గురించి. ఇది రాసుకుంటే మీ భూమికి ఏమీ కాదు. రాశాక కూడా అప్పుడప్పుడు వెళ్లి చూడండి. సంతకం తీసుకుని కళ్లు మూసుకుంటే ఆ సంతకం విలువ సగం పోతుంది.

ఇక మీ అల్లుడి గారి మాట. ఆయన చెప్పింది టెక్సాస్‌లో నిజమే. అక్కడ 2015లో వ్యవసాయ పర్యాటకం కోసమే ఒక చట్టం చేశారు. పొలం చూడటానికి వచ్చినవాళ్లకు చట్టంలో చెప్పిన మాటలతో హెచ్చరిక బోర్డు పెట్టినా, సంతకం తీసుకున్నా, వ్యవసాయంలో సహజంగా ఉండే ప్రమాదాలకు యజమాని బాధ్యుడు కాడు. అయితే ఆయన ఆ చట్టం రెండో భాగం కూడా చదివి ఉంటే బాగుండేది. భూమిలో ప్రమాదకరమైన పరిస్థితి ఉందని యజమానికి తెలిసినా, తెలిసి ఉండాల్సి ఉన్నా ఆ రక్షణ వర్తించదు. పనివాళ్లకు సరిగా శిక్షణ ఇవ్వకపోయినా వర్తించదు. అంటే పిట్టగోడ లేని మీ బావి అక్కడ ఉన్నా ఆ బోర్డు కాపాడేది కాదు.

మన దగ్గర అలాంటి చట్టమే లేదు. ఇంగ్లండ్‌లో స్థలం ఆధీనంలో ఉన్నవాళ్ల బాధ్యత మీద 1957లో ఒకటి, 1984లో ఒకటి చట్టాలు వచ్చాయి, మనం అవీ చేసుకోలేదు. మన కోర్టులు పాత ఇంగ్లిష్ తీర్పుల్లోంచి తీసుకున్న సూత్రాలతో నడుస్తాయి. వాటి సారం ఏమిటంటే, ప్రమాదం సంగతి ఎవరికి తెలుసు, దాన్ని ఆపగలిగే స్థితిలో ఎవరున్నారు, వచ్చినవాళ్లు వస్తారని ముందే ఊహించగలమా. ఈ మూడు ప్రశ్నలకూ మీ బావి విషయంలో జవాబు మీ వైపే చూపిస్తుంది.

తండా పిల్లలు మీ అనుమతి అడగలేదు కాబట్టి వాళ్లది అక్రమ ప్రవేశం కదా అని ఎవరైనా మీకు ధైర్యం చెబితే నమ్మకండి. ఏళ్ల తరబడి వస్తున్నా మీరు అడ్డు చెప్పలేదంటే, చట్టం దృష్టిలో అది మౌనంగా ఇచ్చిన అనుమతి. పిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. పిల్లల్ని ఆకర్షించే వస్తువు పక్కన ప్రమాదం పెట్టుకుంటే, దొంగచాటుగా వచ్చారన్న సాకు చెల్లదు. 1922లో గ్లాస్గో నగరపాలక సంస్థ కేసులో జరిగింది ఇదే. పార్కులో నిగనిగలాడే విషపు పళ్లు తిని ఏడేళ్ల పిల్లాడు చనిపోతే, ఆ పళ్లు పిల్లలకు ఎర లాంటివని, కంచె గానీ హెచ్చరిక గానీ పెట్టని సంస్థ మీద దావా నిలుస్తుందని అన్నారు. మీ దగ్గర సీతాఫలాలు, వాటి పక్కనే బావి. ఎండాకాలంలో ఆ నీళ్లు చూసి ఆగే పిల్లాడు ఎవడు?

బావి బాట పక్కన ఉండటం మరో సమస్య. పిట్టగోడ లేని వ్యవసాయ బావుల్లో ఆటోలు, ట్రాక్టర్లు, కార్లు పడటం తెలంగాణలో అరుదేమీ కాదు. 2018లో నిజామాబాద్ జిల్లా మెండోరా దగ్గర ఆటో బావిలో పడి పది మందికి పైగా చనిపోయారు. దారి పక్కన బావి గానీ గొయ్యి గానీ జనానికి ప్రమాదంగా ఉంటే, దానికి కంచె వేయించమని యజమానిని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు ఉంది. మన దగ్గర ఆ పని చేసేది ఆర్డీవోనో తహసీల్దారో. పాత సీఆర్‌పీసీలో అది 133వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152. ‘బావి’ అన్న మాట ఆ సెక్షన్‌లోనే ఉంది. ఆ నోటీసు మీకు రాకముందే గోడ కట్టించండి. మొలలోతు పిట్టగోడ, బాట వైపు బండ్లు తగిలినా కూలకుండా రాతి దిమ్మెలు. దిగే మెట్లు ఉంటే వాటికి తాళం వేసే ఇనుప గేటు. పైన జాలీ కూడా వేయిస్తే ఇంకా నిశ్చింత. ఖర్చు అవుతుంది, కాదనను. కానీ మీ మేనల్లుడు చెప్పే స్విమ్మింగ్ పూల్ ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు.

పిల్లల్ని తరిమేయమని మాత్రం నేను చెప్పను. తరిమితే రాత్రి వస్తారు. తండా పెద్దమనుషులతో మాట్లాడి, పళ్లు కోసుకోవడానికి పగటిపూట రమ్మని, బావి దగ్గరికి వద్దని చెప్పండి. పొలంలోంచి తండాకు నడిచే దారి కూడా ఉంటే ఒక జాగ్రత్త. హక్కుగా భావించి, ఎవరి అనుమతీ లేకుండా, అడ్డంకి లేకుండా 20 ఏళ్లు వాడితే అది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కింద దారి హక్కు అయిపోతుంది. మీ అనుమతితో నడిస్తే అలా కాదు. ‘యజమాని అనుమతితో నడిచే దారి’ అని చిన్న బోర్డు పెట్టండి. బోర్డు నిజంగా పనికొచ్చే చోటు అది.

బోర్ల సంగతి బావి కంటే తేలిక, బావి కంటే భయంకరం కూడా. బండరాయిని ఒక పశువు జరిపేస్తుంది, వానకు కింద మట్టి కుంగిపోతుంది. 2017 జూన్‌లో మీ పక్కనే, చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో ఏడాదిన్నర పాప బోరులో పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది, ఆ పాప దక్కలేదు. 2020 మేలో మెదక్ జిల్లా పొడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాబు, నీళ్లు పడక వదిలేసిన బోరులోనే పోయాడు. ఇలాంటివి ఆపడానికే సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో మీకు కావాల్సింది ఒక్క వాక్యం: వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, గులకరాళ్లు లాంటి వాటితో పూర్తిగా నింపాలి. మూత పెట్టడం, బండ పెట్టడం కాదు, నింపాలి. రెండు బోర్లకూ కలిపి ఒక రోజు పని. నింపేటప్పుడు ఫోటోలు తీయండి, పంచాయతీ కార్యదర్శికి ఒక దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. రేపు పూల్ కోసం కొత్త బోరు వేయాల్సి వస్తే, 15 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయడం, రిజిస్టర్ అయిన రిగ్గునే పిలవడం, కేసింగ్ చుట్టూ కాంక్రీట్ దిమ్మె కట్టడం, పైన గట్టి మూత బిగించడం, పని జరిగేటప్పుడు ముళ్లకంచె వేయడం కూడా అదే ఆదేశాల్లో ఉన్నాయి. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి అదనం.

ఇంతవరకూ మీరు వ్యాపారం పెట్టినా పెట్టకపోయినా చేయాల్సిన పనులు. ఇప్పుడు అతిథుల దగ్గరికి వద్దాం.

ఒక్క రూపాయి తీసుకుని ఒక్క రాత్రి ఉంచుకున్నా, ఆ మనిషి వినియోగదారుడు అవుతాడు. బుకింగ్ యాప్ ద్వారా వచ్చినా అంతే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం అని కేసు వేయొచ్చు. రెండు విషయాలు చాలామంది యజమానులకు తెలియవు. మొదటిది, జిల్లా కమిషన్ పరిధి ఇప్పుడు వాళ్లు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, వాళ్లు చెల్లించిన అద్దెను బట్టి ఉంటుంది. 50 లక్షల లోపు చెల్లింపులన్నీ జిల్లా కమిషన్‌కే. కాబట్టి ఆరు వేలు కట్టిన అతిథి, లక్షల్లో పరిహారం అడుగుతూ జిల్లా స్థాయిలోనే కేసు వేయగలడు. రెండోది, అతను తాను నివసించే చోట కూడా వేయొచ్చు. అంటే వాయిదాలకు మీరే హైదరాబాద్ తిరగాలి.

సంతకం చేయించుకున్న కాగితం అప్పుడు ఎంత పనికొస్తుంది? ఢిల్లీలో ఒక పెద్ద హోటల్‌కు వచ్చిన అతిథి కారు తాళాలు సిబ్బందికిచ్చి లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కారు లేదు. పార్కింగ్ టోకెన్ మీద ‘వాహన యజమాని బాధ్యత మీదే’ అని అచ్చేసి ఉందని హోటల్ వాదించింది. 1998లో పోయిన కారు, 2019 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు. తన సిబ్బంది నిర్లక్ష్యానికి తానే ముందుగా మాఫీ రాసుకోవడం కుదరదని, కారు ఎలా పోయిందో చెప్పుకోవాల్సింది హోటలేనని కోర్టు అంది. కారుకే అలా అంటే ప్రాణానికి ఏమంటారో ఊహించుకోండి. సంతకం పూర్తిగా వృథా అని కాదు. ‘ఈ పూల్‌లో లోతు ఇంత, రాత్రి దిగకూడదు, పిల్లలతో పెద్దవాళ్లు ఉండాలి అని మాకు చెప్పారు’ అని అతిథి రాసిస్తే, చెప్పినా వినకుండా తాగి అర్ధరాత్రి దూకాడని చూపించుకోవడానికి ఉపయోగపడుతుంది. పరిహారంలో కొంత తగ్గుతుంది. ‘ఏం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదు’ అన్న వాక్యం మాత్రం గోడకు అందం తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

పూల్ గురించి నా సొంత అభిప్రాయం చెప్పమంటే, మొదటి ఏడాది వద్దంటాను. ఊరికి దూరంగా, దగ్గర్లో ఆసుపత్రి లేని చోట, ఈత రాని నగరం పిల్లలు, సాయంత్రమయ్యేసరికి సీసాలు విప్పే నాన్నలు. దానికి కాపలా మనిషిని పెట్టే శక్తి రెండు గదుల అద్దెకు ఉండదు. కట్టి తీరతానంటే లోతు నాలుగడుగులు దాటనివ్వకండి. చుట్టూ కంచె, తాళం వేసే గేటు ఉండాలి. లోపలి దీపాలు 12 వోల్టులవే పెట్టించండి. పంపుకూ దీపాలకూ ఉన్న లైన్ మీద 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి, దాన్ని నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. వ్యవసాయ కనెక్షన్ నుంచి పూల్ మోటారుకు తీగ లాగనివ్వొద్దు. పైన చెప్పిన 135వ సెక్షన్ ఇక్కడా వర్తిస్తుంది. మీటరు దాటి లోపలికి వచ్చిన కరెంటుకు బాధ్యత సాధారణంగా మీదే అవుతుంది.

అతిథుల్ని ట్రాక్టర్ మీద పొలం తిప్పడం కూడా ఇలాంటి చోట్ల మామూలైపోయింది. మీ మేనల్లుడికి ఆ ఆలోచన రాకుండా ఉండదు. ట్రాక్టర్ పాలసీ వ్యవసాయ పనికి ఇచ్చింది. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించుకుని బోల్తా పడితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది, లేదా ముందు కట్టి తర్వాత ఆర్సీలో పేరున్న మనిషి దగ్గర వసూలు చేసుకుంటుంది. మోటారు ప్రమాదాల పరిహారానికి పై హద్దంటూ లేదు. ఎడ్లబండి తిప్పుకోమనండి, ఫోటోలకూ అదే బాగుంటుంది.

గదులు కట్టేటప్పుడు మేస్త్రీ కూలీ పైనుంచి పడితే, కాంట్రాక్టర్ మాయమైతే, చివరికి మీ గుమ్మం ముందుకే వస్తారు. పని మొదలుపెట్టే ముందు కాంట్రాక్టర్ దగ్గర ‘వర్క్‌మెన్ పాలసీ’ (పనిలో కూలీలకు ప్రమాదం జరిగితే పరిహారం కట్టే బీమా) కాపీ అడిగి తీసుకోండి, లేకపోతే మీరే ఆ కొన్ని నెలలకు తీసుకుని ఖర్చు ఆయన బిల్లులో తగ్గించండి. ఇది 1923 నాటి చట్టం కింద నడిచేది, 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. తర్వాత తోటమాలిని, వంటామెను జీతానికి పెట్టుకున్నా ఈ పాలసీ ఉంటే మంచిది.

బీమా గురించి అడిగారు. రైతు బీమా ఉంది కదా అని కొందరు అనుకుంటారు. అది పట్టాదారు రైతు చనిపోతే నామినీకి వచ్చే డబ్బు, బయటివాళ్లకు జరిగే హానికి సంబంధం లేదు. 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం పేరు విని అది మనకోసమే అనుకోకండి, అది ప్రమాదకర రసాయనాల ఫ్యాక్టరీల కోసం. మీకు కావాల్సింది సాధారణ బీమా కంపెనీలు హోటళ్లకు, రిసార్టులకు ఇచ్చే పబ్లిక్ లయబిలిటీ పాలసీ, అంటే బయటివాళ్లకు హాని జరిగితే పరిహారం కట్టే బీమా. ఒక్కో ప్రమాదానికి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత అని రెండు హద్దులు ఉంటాయి. పూల్ ఉంటే ఆ సంగతి ప్రపోజల్ ఫారంలోనే రాయాలి, దాచితే క్లెయిమ్ రోజున అదే మీ మెడకు చుట్టుకుంటుంది. తీసుకునేముందు పాలసీలో ‘వర్తించనివి’ అన్న పేజీ చదివించుకోండి. భూమి ఇంకా కాగితాల్లో వ్యవసాయ భూమిగానే ఉండి, దాని మీద మీరు లాడ్జి నడుపుతుంటే, అనుమతి లేని వ్యాపారమని కంపెనీ వంక పెట్టే అవకాశం ఉంది. అందుకే గదులు కట్టే మేరకు నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చడం), పంచాయతీ నుంచి నిర్మాణ అనుమతి, వ్యాపార లైసెన్సు ముందు చేయించండి. అయిదెకరాలు మొత్తం మార్చక్కర్లేదు, ఆ కొన్ని గుంటలు చాలు. మిగతాది వ్యవసాయ భూమిగానే ఉంటే మీకు వచ్చే ప్రయోజనాలు పోవు.

చివరికి మీ మేనల్లుడితో ఒప్పందం. ‘లాభంలో సగం’ అన్న మాట వినడానికి బాగుంది. అయితే ఇద్దరూ కలిసి వ్యాపారం చేస్తూ లాభం పంచుకుంటే, కాగితం మీద ఏమీ లేకపోయినా మీరిద్దరూ భాగస్వాములని కోర్టు అనుకోవచ్చు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం వ్యాపారంలో ఒక భాగస్వామి చేసిన తప్పుకు రెండో భాగస్వామి సొంత ఆస్తితో సహా బాధ్యులు. అతను నడిపిన శనివారం రాత్రి పార్టీకి మీ మామిడితోట జప్తు కావచ్చన్నమాట. ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) గానీ కంపెనీ గానీ పెడితే వ్యాపారం అప్పుల వరకూ మీ సొంత ఆస్తికి అడ్డుగోడ ఉంటుంది. కానీ భూమి మీ పేరు మీదే ఉండి, బావి సంగతి మీకు తెలిసి ఉంటే, మీ సొంత నిర్లక్ష్యానికి ఏ కంపెనీ అడ్డు రాదు. రెండు గదుల వ్యాపారానికి కంపెనీ లెక్కలు, ఆడిట్లు ఎందుకు కూడా.

నా సలహా అయితే, మీరు వ్యాపారంలోకి దిగకండి, అద్దెకివ్వండి. గదులు, వాటి చుట్టూ ఉన్న ఆవరణ మాత్రమే కొలిచి, హద్దులు రాసి, నెలకు ఇంత అని స్థిరమైన అద్దెకు అతనికి లీజు రాయండి. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బుకింగులు, లైసెన్సు, జీఎస్టీ అవసరమైతే అది, బీమా అన్నీ అతని పేరు మీద ఉండాలి, పాలసీలో మీ పేరు కూడా చేర్పించాలి. లీజులో మూడు సంగతులు తప్పక రాయించండి. ఆవరణ నిర్వహణ, అతిథుల భద్రత పూర్తిగా అద్దెదారుదే అని, దానివల్ల మీ మీద ఏ దావా వచ్చినా ఖర్చుతో సహా అతనే భరిస్తాడని, బీమా గడువు తీరిపోతే లీజు రద్దు చేసుకునే హక్కు మీకుంటుందని. దాంతో పాటు, బావి, పాత బోర్లు, కరెంటు లైన్లు ఎక్కడెక్కడున్నాయో ఒక పటం గీసి లీజుకు జతచేయండి. తనకు తెలిసిన లోపాల్ని అద్దెదారుకు చెప్పాల్సిన బాధ్యత ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ మీ మీద పెట్టింది. ఆ పటం మీద అతని సంతకం ఉంటే చెప్పలేదన్న మాట రాదు.

సొంత మేనల్లుడితో ఇన్ని కాగితాలా అని మీ తమ్ముడు నొచ్చుకోవచ్చు. లీజు ముసాయిదా అతన్నే ఒక లాయర్ దగ్గర రాయించి తెమ్మనండి, మీరు వేరే లాయర్‌కు చూపించి సంతకం పెట్టండి. ఇద్దరికీ ఒకే లాయర్ వద్దు. లీజు సంతకాలకు ముందు పిట్టగోడ పూర్తవ్వాలి, బోర్లు నిండి ఉండాలి. తీగ సంగతి ఈ రాత్రికే.